చివరిసారి కలిసున్న చోటు

మన దగ్గర పని జరగడం కష్టం కాదు. ఆ పని ఏ కిటికీ దగ్గర జరుగుతుందో తెలుసుకోవడమే కష్టం. కరెంటు బిల్లులో పేరు మార్పించుకుందామని వెళ్ళి పొద్దున్నించీ నిలబడితే, నా వంతు వచ్చేసరికి అది కాలిపోయిన మీటర్ల వరస అని తేలింది. బ్యాంకులో పాస్‌బుక్కులు అచ్చేసే మిషను ఉండే చోట ఇప్పుడు పూల కుండీ ఉంది. మిషను ఎక్కడికి పోయిందని అడిగితే కుండీ ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలీదన్నారు. మొన్న ఒక పెద్దాయన పెన్షను కోసం వచ్చి, తప్పు వరసలో చివరిదాకా నిలబడి, ఇంతసేపు నిలబడ్డాను కదా అని రేషన్ కార్డుకి దరఖాస్తు పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన మొహంలో ఎంత తృప్తో.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య నాకూ మా ఆవిడకీ విడాకులు కావలసి వచ్చాయి. ఏ కిటికీ దగ్గర ఇస్తారో తెలియలేదు.

కారణం పెద్దదేం కాదు. మా ఆవిడ ఇందుమతి హిందీ టీచరు. స్కూలు మానేసి ఇంట్లోంచే ఫోన్లో పిల్లలకి పాఠాలు చెబుతోంది. నేను నీటిపారుదల శాఖలో సీనియర్ అసిస్టెంటుని. సాయంత్రం ఇంటికొచ్చి టీవీలో చర్చలు చూస్తాను. చర్చ అన్నాక కాస్త గట్టిగానే ఉంటుంది. ఆవిడ పాఠం వేళా నా చర్చ వేళా ఒకటే. ఒకరోజు ఎవరో తల్లి ఫోన్ చేసి, "టీచరుగారూ, మావాడికి హిందీ ఒక్క ముక్క రావట్లేదండి. అన్నం తినరా అంటే మాత్రం మీరు ప్రశ్నని పక్కదారి పట్టిస్తున్నారు అంటన్నాడు" అని చెప్పింది. నెల తిరిగేసరికి పిల్లలు సగానికి సగం మానేశారు.

"సౌండు తగ్గించండి" అంది ఇందుమతి.

"తగ్గిస్తే ఎవరు గెలిచారో తెలియదు."

"ఎవరు గెలిస్తే మీకెందుకండీ?"

"అది తెలియాలన్నా చివరిదాకా వినాలి."

ఇలాంటి సంభాషణే ఇరవై ఏళ్ళు చేసిన మీదట, ఒక ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ, ఎవరూ గొంతు పెంచకుండా, విడిపోదామని నిర్ణయించుకున్నాం. మా కాపురంలో ఇద్దరం ఒకే మాట మీదికి వచ్చిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

ఇందుమతి అప్పటికే ఇల్లు చూసుకుంది. కొత్తరేవు అనే చిన్న ఊళ్ళో, సముద్రం ఒడ్డున, మేడమీద ఒక గది, వంటిల్లు. కిటికీ తీస్తే నీళ్ళు. కింద ఓనరు వరహాలమ్మగారు, ఆవిడ ఇంట్లో టీవీ లేదు. ఇందుమతి ఆ కిటికీ ఫోటో తీసుకుని ఫోన్ తెర మీద పెట్టుకుంది. అంతకుముందు ఆ స్థానంలో నేనుండేవాణ్ణి.

చిక్కల్లా వరహాలమ్మగారి నియమంతో వచ్చింది. "ఆడకూతురు ఒక్కర్తీ ఉంటే నాకేటి అబ్బెంతరమమ్మా. ఎనకాల మొగుడొచ్చి అర్దరాత్రి తలుపు బాదేడంటే నా నిద్ర సెడతాది. మొగుడైనా ఉండాల, మొగుడు లేడన్న కాగితమైనా ఉండాల. ఏసంకాలం సెలవలదాకా సూస్తాను. ఆ తరవాత ఎవులొస్తే ఆలకిచ్చేస్తాను" అంది.

వేసంగి ఇంకా దూరంగానే ఉంది కాబట్టి మేము కంగారుపడలేదు. ఇందుమతి ఈలోగా పాఠాలు పాడవకుండా పక్క వీధిలో స్నేహితురాలింట్లో ఉంటానని పెట్టె సర్దుకుంది. నేను వకీలు దగ్గరికి వెళ్ళాను.

"ఇద్దరికీ ఇష్టమైతే చాలా సులువండి" అన్నాడు వకీలు. "కేసు ఎక్కడ వెయ్యాలో మాత్రం పరిధి సెక్షన్లో రాయించుకు రండి. కొత్తగా పెట్టారు, ప్రజల సౌకర్యం కోసం."

ప్రజల సౌకర్యం కోసం అన్న మాట వినగానే నాకు కాళ్ళలో నొప్పి మొదలైంది.

పరిధి సెక్షన్ మూడో అంతస్తులో ఉంది. ఇందుమతీ నేనూ కలిసే వెళ్ళాం. బల్ల వెనక, కుర్చీకి తెల్ల తువ్వాలు కప్పుకుని, గోవర్ధనంగారు అనే అధికారి కూర్చుని ఉన్నారు. చుట్టుపక్కల జిల్లాల్లో ఎవరి కాపురం ఏ కోర్టుకి చెందుతుందో తేల్చేది ఆయనే.

"వివాహ విచ్ఛేదనమా?" అన్నారు.

"విడాకులండి."

"అదే. సదరు దంపతులు చివరిసారిగా సహనివాసం చేసిన స్థలమేది?"

"మా ఇల్లేనండి. ఇక్కడే, రైలుగేటు అవతల."

"చివరిసారిగా అన్నాను, ఎక్కువసార్లు అనలేదు. ప్రస్తుతం కలిసి ఉంటున్నారా?"

"లేదండి. తను వాళ్ళ స్నేహితురాలి ఇంట్లో ఉంటోంది."

"అలా వెళ్ళిన తరవాత ఎక్కడైనా కలిసి బస చేయుట జరిగినదా?"

నేను లేదని చెప్పడానికి నోరు తెరిచాను. ఇందుమతి అందుకుంది. అడిగిన ప్రశ్నకి పూర్తి వాక్యంలో జవాబు చెప్పడం ఆవిడకి వృత్తిరీత్యా వచ్చిన జబ్బు.

"పోయిన వారం వీరంపాడులో మా అక్క కూతురి శ్రీమంతానికి వెళ్ళి, రెండు రోజులు ఒకే గదిలో ఉన్నామండి. మా సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఇద్దరం కలిసి కనపడకపోతే జనం పేరంటం మానేసి మా గురించి మాట్లాడుకుంటారు."

గోవర్ధనంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే ఇక్కడికి సంబంధం లేదు. మీ కాపురం నిబంధనల ప్రకారం వీరంపాడులో ముగిసినది."

"అది మా వదినగారి ఇల్లండి" అన్నాను. "అక్కడ మేం కాపురం చెయ్యలేదు. పులిహోర తిని పడుకున్నాం."

"భోజనము, నిద్ర. మరి మీ సొంత ఇంట్లో ఇంతకు మించి ఏం చేశారు?"

ఇరవై ఏళ్ళూ ఒకసారి తిరగేసి చూసుకున్నాను. చెప్పుకోదగ్గది ఏదీ తగల్లేదు.

కావలసిందల్లా, మేం ఆ ఇంట్లో కలిసి ఉన్నామని ఇంటి యజమాని మా ఇద్దరి ఎదుటా సంతకం చేసిన కాగితం. సరేనని మర్నాడే వీరంపాడు బస్సెక్కాం. లాడ్జిలో దిగుదామా అన్నాను. ఇందుమతి నా వంక జాలిగా చూసింది. సొంత అక్క ఊళ్ళో ఉండగా లాడ్జిలో దిగితే, విడాకుల కంటే ముందు ఆ వార్త పేపర్లో వస్తుంది.

"ఏంటే, ఇలా చెప్పాపెట్టకుండా ఊడిపడ్డారు?" అంటూ వదిన మాకు నెమళ్ళ దుప్పటి పరిచింది. అది కొత్త జంటలకి పరిచే దుప్పటి. "మరిదిగారూ, మీరీ మధ్య మనిషి మెత్తబడ్డారు. పెళ్ళాన్ని వెంటేసుకుని తిరుగుతున్నారు."

విడాకుల కోసం సంతకం కావాలని నెమళ్ళ దుప్పటి మీద కూర్చుని ఎలా అడుగుతాం. ప్రయాణ భత్యం కోసమని చెప్పాను. ప్రభుత్వోద్యోగి ప్రయాణ భత్యం అంటే మా వాళ్ళు ఎదురు ప్రశ్న వెయ్యరు, దేవుడి పేరు చెప్పినట్టే. వదిన భర్త కాగితం చదవకుండానే సంతకం పెట్టారు. "ఇంకో రెండు కాగితాల మీద పెట్టి ఉంచనా తమ్ముడూ, ఎందుకైనా మంచిది" అని కూడా అన్నారు.

తిరుగు బస్సులో ఉండగా మా బాబాయి కొడుకు బుల్లబ్బాయి ఫోను. "అన్నయ్యా, ఈరంపాడు దాకా వచ్చి రాజుగారిమెరక రాకుండా ఎల్లిపోతున్నావంట. రేపు పొద్దున్నే మా గృహప్రవేశం. వ్రతం పీటల మీద కూర్చోడానికి దంపతులు చాల్లేదు ఇక్కడ. వదిన్ని తీసుకుని దిగిపో."

"సెలవు లేదురా."

"లేకపోతే బస్సుకి అడ్డం పడుకుంటాను. ఆయ్, నా సంగతి నీకు తెల్సు."

తెలుసు. దిగిపోయాం. వ్రతం అయింది, కథ విన్నాం, ప్రసాదం తిన్నాం, కొత్త సున్నం వాసనేసే గదిలో పడుకున్నాం.

గోవర్ధనంగారు వీరంపాడు కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. "లోపరహితముగా ఉన్నది. వీరంపాడు నుండి నేరుగా ఇచ్చటికే విచ్చేశారా?"

నేను ఇందుమతి కాలు తొక్కాను. ఆవిడ కాలు తీసుకుని పూర్తి వాక్యంలో జవాబు చెప్పింది.

"మీ కాపురం ముందుకు జరిగినది" అన్నారాయన. "ఇప్పుడది రాజుగారిమెరకలో ఉన్నది."

బయటికొచ్చాక, "చెప్పకుండా ఉండాల్సింది" అన్నాను.

"ఆయన అడిగారు కదండీ."

"అడిగితే మాత్రం?"

"అబద్ధం చెప్పి తెచ్చుకున్న కాగితం పట్టుకుని ఆ ఇంట్లో ఎలా ఉండను? రేపు ఎవరైనా అది చెల్లదంటే నా గది పోదూ?"

ఆవిడ ఆ గదిని నా గది అనడం అదే మొదటిసారి. మా ఇంట్లో ఇన్నేళ్ళున్నా ఏ గోడనీ అలా అనలేదు.

అక్కడినుంచి వ్యవహారం మా చేతుల్లో లేదు. రాజుగారిమెరక కాగితం కోసం వెళితే బుల్లబ్బాయి అత్తగారు వాళ్ళ ఊరు లాక్కుపోయింది. అక్కడి కాగితం కోసం వెళితే ఆ ఇంట్లో పిల్లకి ఓణీల ఫంక్షను. మేం ఏ ఊరు వెళ్ళినా జంటగా వెళుతున్నాం, అడిగిన చోటల్లా ఉంటున్నాం, పైగా వెళ్ళేటప్పుడు మేం ఇక్కడ సుఖంగా కలిసున్నామని రాసిమ్మని సంతకం అడుగుతున్నాం. చుట్టాలు కళ్ళనీళ్ళు పెట్టుకోవడం మొదలుపెట్టారు. కొట్టుకునే కొత్త జంటల్ని మా దగ్గరికి పంపడం మొదలుపెట్టారు. సర్దుకుపోవడం గురించి నేను ఇద్దరు అల్లుళ్ళకి సలహాలు కూడా ఇచ్చాను. బాగానే ఇచ్చానన్నారు.

చివరికి మా వనసమారాధన సంఘం వాళ్ళు మమ్మల్ని ఆ ఏటి ఆదర్శ దంపతులుగా ఎంపిక చేశారు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. ఏటిగట్టు మీద సత్రంలో సభ. స్టేజీ ఎక్కి చూద్దును కదా, ముఖ్య అతిథి గోవర్ధనంగారు.

ఆయన మమ్మల్ని చూసి ఏమాత్రం తడబడలేదు. మైకు అందుకుని, "ఈ దంపతులను నేను వ్యక్తిగతముగా ఎరుగుదును" అన్నారు. "ప్రతి శుభకార్యము అనంతరము వీరు మా కార్యాలయమునకు విచ్చేయుదురు. ఎన్నడూ ఒంటరిగా రాలేదు. జంటగానే వచ్చినారు, జంటగానే వెళ్ళినారు. వీరి దాంపత్యము ఇన్ని పరిధులలో విస్తరించి ఉన్నదని సాధికారముగా చెప్పగలవాడిని నేనొక్కడినే."

చప్పట్లు కొట్టారు. ఇద్దరికీ కలిపి ఒకే శాలువా కప్పారు. దాంట్లోంచి ఎవరి చెయ్యి ఎవరిదో తెలియక కాసేపు అవస్థ పడ్డాం.

భోజనాల దగ్గర ఆయన నా పక్క విస్తరి ముందు కూర్చుని గొంతు తగ్గించి, "రాత్రికి ఇచ్చటనే బసా?" అన్నారు.

"బస్సు లేదండి."

"ఈ సత్రము ఏటికి ఏ ఒడ్డు పరిధిలోనిదో చూడవలసి ఉన్నది. పాత వివాదము" అని, పప్పు వేయించుకున్నారు.

అలా తిరుగుతూనే వేసంగి వచ్చేసింది. వరహాలమ్మగారు ఫోన్ చేసింది. "బ్యాంకు కుర్రోడొకడు గది సూసెల్లేడమ్మా. నచ్చిందన్నాడు. నువ్వింకా కాగితం తేకపోతే నేనేటి సెయ్యను?"

ఆరోజు ఇందుమతి నాకంటే ముందే మూడో అంతస్తు ఎక్కేసింది. గోవర్ధనంగారు ఏదో అడగబోతుంటే ఆవిడే మొదలుపెట్టింది. కోపం లేదు. పిల్లలకి వాక్యంలో తప్పు ఎక్కడుందో చూపించే గొంతు.

"అయ్యా, నా గది పోతోందండి. నాకున్నవి ఆ పిల్లలే, వాళ్ళు మిగలాలంటే ఆ గది కావాలి. మేము ఎక్కడ ఉంటే మీ నిబంధనకి సరిపోతుందో మీరే చెప్పండి. అక్కడే ఉంటాం."

గోవర్ధనంగారు కలం పక్కన పెట్టారు. ఆయన దుర్మార్గుడు కాదు. ఆయన దగ్గర ఉన్నది నిబంధన ఒక్కటే, అది తీసి ఇచ్చారు. "మీకు కదలిక ఎక్కువైనది. ఒక స్థలము ఎంచుకుని, అచ్చట స్థిర సహనివాసము ఏర్పరచుకొనుడు. శుభకార్యములు మానుడు. అప్పుడు పరిధి కదలదు."

"కలిసి ఉండమంటారా?" అన్నాను.

"విడిపోవుటకు అదొక్కటే మార్గము."

ఏ ఊరో ఇందుమతి పూర్తి వాక్యంలో చెప్పింది.

మా శాఖకి కొత్తరేవులో ఒక సబ్ డివిజను ఉంది. కాలవ ఎండిపోయి చాలా ఏళ్ళయింది గానీ సబ్ డివిజను అలాగే ఉంది. అక్కడికి బదిలీ అడిగిన మొదటివాణ్ణి నేనే కాబట్టి వెంటనే ఇచ్చారు.

వరహాలమ్మగారు గుమ్మంలో నన్ను కిందినుంచి మీదకి చూసింది. "కాగితం తెస్తానని మొగుణ్ణే తెచ్చేసేవేటమ్మా?"

"కాగితం కోసమే తెచ్చానండి" అంది ఇందుమతి.

"ఏదైతేనేటి. రెండిట్లో ఒకటుంది." తాళంచెవి ఇచ్చేసింది.

టీవీ పాత ఇంట్లోనే ఉండిపోయింది. సాయంత్రం పాఠం మొదలవగానే నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చోవాలి, అది ఒప్పందం. తలుపు సందులోంచి పాఠం వినపడుతుంది. హిందీలో కిటికీ ఆడదట, తలుపు మగదట. మానేసిన పిల్లలు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. ఆ పక్కదారి కుర్రాడు మొన్న తప్పుల్లేకుండా పద్యం అప్పజెప్పాడు. మెట్ల మీద ఉన్న నేను కూడా బాగుందన్నట్టు తలూపాను, ఎవరూ చూడలేదు.

కొన్నాళ్ళకి గోవర్ధనంగారు స్థల నిర్ధారణ పత్రం ఇచ్చారు. కొత్తరేవు కోర్టు. ముద్ర ఇంకా ఆరకముందే పట్టుకెళ్ళి అక్కడ కిటికీలో పెట్టాం. లోపలి గుమస్తా చదివి, "కాగితం బాగానే ఉందండి. మరి ఏడాదిగా విడిగా ఉంటున్నట్టు రుజువేదండి?" అన్నాడు.

"కలిసి ఉన్నట్టు రుజువు తెమ్మన్నారు, తెచ్చాం" అన్నాను.

"అది చోటుకండి. ఇది విడాకులకి."

గోవర్ధనంగారికి ఫోన్ చేశాం. ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఇందులో వైరుధ్యము లేదు. స్థలమునకు సంబంధించి మీరు కలిసి ఉండవలెను. కారణమునకు సంబంధించి విడిగా ఉండవలెను. ఒకే ఇంటిలో, కలిసి, విడిగా ఉండుడు. నేను స్వయముగా తనిఖీకి వచ్చెదను."

వచ్చారు. మంచాలు వేరుగా ఉన్నాయని రాసుకున్నారు. దువ్వెనలు వేరు, సబ్బులు వేరు. వంటింట్లోకి వెళ్ళి మూత తీసి చూశారు. "పెరుగు ఉమ్మడిగా ఉన్నది" అన్నారు.

"గిన్నె ఒకటే ఉందండి" అంది ఇందుమతి.

రెండో గిన్నె కొన్నాం. ఆయన మళ్ళీ వచ్చారు. "ఈ రెండవ గిన్నెకు తోడు దేనిలోనుండి వేసినారు?"

ఇందుమతి నా వంక చూసింది. నేను సముద్రం వంక చూశాను. ఆవిడ జవాబు చెప్పింది, పూర్తి వాక్యంలోనే.

ఉత్తర్వు వచ్చింది. నా మంచం తలుపుకి అవతల, ఇంటికి ఇవతల ఉండాలి. అంటే మెట్ల పైన ఉన్న చిన్న డాబా మీద. నేను ఊరు దాటిపోతే స్థలం పోతుంది, స్థలం పోతే కాగితం రాదు. కాగితమూ లేక నేనూ లేకపోతే వరహాలమ్మగారు గది బ్యాంకు కుర్రాడికి ఇచ్చేస్తుంది. కాబట్టి పోవడానికి లేదు. లోపలికి వస్తే విడిగా లేనట్టు. కాబట్టి రావడానికీ లేదు. డాబా మీద ఇన్నాళ్ళూ హాయిగానే ఉన్నాను. గాలి బాగా వస్తుంది. పాఠం ఇంకా బాగా వినపడుతుంది.

ఇవాళ మధ్యాహ్నం వాన పట్టుకుంది. సముద్రం మీదినుంచి అడ్డంగా కొడుతోంది. మంచం తడిసింది, తరవాత నేను తడిశాను. ఇందుమతి తలుపు తీసింది.

"లోపలికి రండి."

"వస్తే కలిసున్నట్టు. సాయంత్రం తనిఖీ ఉంది, ఆయన బస్సెక్కేశారు."

"అక్కడే ఉంటే జ్వరం వస్తుంది. జ్వరం వస్తే ఆస్పత్రిలో పెడతారు. పక్కన నేను పడుకోవాలి కదా. అప్పుడు పరిధి ఆస్పత్రి ఊరికి పోతుంది."

ఆవిడ నన్ను మించిపోయింది. "నువ్వెందుకు పడుకోవాలి?" అన్నాను.

"మరెవరు పడుకుంటారు?" అంది.

ఒక అడుగు ముందుకేసి గడప మీద నిలబడ్డాను. వీపు తడుస్తోంది, మొహానికి లోపలి కాఫీ వాసన తగులుతోంది. కిందినుంచి వరహాలమ్మగారు, "గడప మీద నిలబడతారేటి బాబూ, ఇంటికి మంచిది కాదు. అటన్నా ఉండు, ఇటన్నా ఉండు" అని కేకేసింది. గోవర్ధనంగారికి ఫోన్ చేశాను. బస్సు చప్పుడులోంచి ఆయన గొంతు వినపడింది. "గడప ఇంటి లోపలిదా, వెలుపలిదా అన్న విషయమై స్పష్టమైన ఉత్తర్వులు లేవు. పైకి రాసెదను. సమాధానము వచ్చువరకు యథాస్థితి కొనసాగించుడు."

యథాస్థితి కొనసాగిస్తున్నాను. ఇదంతా గడప మీద నిలబడే ఫోన్లో రాశాను, అక్షరదోషాలుంటే వానదే తప్పు. మీలో చట్టం తెలిసినవాళ్ళుండవచ్చు, కాపురం తెలిసినవాళ్ళుండవచ్చు, రెండూ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే మరీ మంచిది. దయచేసి ఒక సలహా ఇవ్వండి. కాస్త తొందరగా ఇవ్వండి. పిల్లలు ఫోన్లో వచ్చేశారు, ఇందుమతి పాఠం మొదలుపెట్టాలి, వాన హోరు వినపడకుండా తలుపు వేసుకోవాలంటోంది.

ఎటువైపు ఉండి తలుపు వేయించుకోమంటారు?